నలువురి పరుగు

పారిస్ నగరమున 2024వ సంవత్సరము ఆగస్టు నెలలో జరిగిన ఒలింపిక్ క్రీడలయందు మన స్త్రీల జట్టు, తలకొక 400 మీటర్ల చొప్పున నలువురు పరుగెత్తెడి రిలే పందెమును 3 నిమిషముల 32.51 సెకండ్లలో ముగించినది. అందునకు నలువది సంవత్సరముల పూర్వము, 1984లో లాస్ ఏంజెలిస్ నగరమున, ఇదే పందెమున మన జట్టునకు పట్టిన కాలము 3 నిమిషముల 32.49 సెకండ్లు. ఆనాడు పరుగెత్తినవారు వల్సమ్మ, వందనా రావు, షైనీ అబ్రహాం, ఉష. నడుమ గడచిన నలువది యేండ్లలో ఈ రెండు జట్ల యంకెలకు కలిగిన భేదము సెకండులో నూఱింట రెండు వంతులు, అదియును వెనుకకే.

ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి రెండు మాటలు వెంటనే తోచును. మనవారు నలువది యేండ్లు నిద్రించిరనునది మొదటిది. మనవారు చెడలేదు, లోకమే ముందునకు పోయినదనునది రెండవది. ఉభయమును సగము నిజములే. 1984లో ఆ కాలముతోడనే మనవారు తుదిపోటీకి ఎక్కి ఏడవ స్థానమున నిలిచిరి. 2024లో దాదాపు అదే కాలముతో ప్రాథమిక పందెముననే కడపట నిలిచి ఇంటికి మరలిరి. లాస్ ఏంజెలిస్ క్రీడలను సోవియట్ రష్యా, తూర్పు జర్మనీ మొదలగు దేశములు బహిష్కరించుటచేత ఆ యేడు బరి పలుచనైయుండెనన్న సంగతియు మఱువరాదు. కాని ఈ రెండంకెల నడుమ మూడవ యంకె యొకటి కలదు. దానిని ఎత్తిచూపువారు అరుదు. 2004లో ఏథెన్సు నగరమున మన స్త్రీలు ఇదే పరుగును 3 నిమిషముల 26.89 సెకండ్లలో ముగించి తుదిపోటీకి ఎక్కిరి, అందు ఏడవవారైరి. అనగా మనము ఇరువది యేండ్లలో ఐదున్నర సెకండ్లకు మించిన మెట్లెక్కి, తరువాతి ఇరువది యేండ్లలో ఆ మెట్లన్నియు దిగివచ్చితిమి. పారిస్ పరుగు ఒక చెడ్డదినపు పరుగని వాదించుటకు తావు లేకపోలేదు. అదే సంవత్సరము మే నెలలో బహామా దీవుల నసావు నగరమున మన జట్టు 3 నిమిషముల 29.35 సెకండ్లలో పరుగెత్తియే ఒలింపిక్ అర్హతను సంపాదించినది. అయినను అదియు ఏథెన్సు అంకెకు రెండు సెకండ్లకు పైగా వెనుకనే యున్నది. ఎక్కలేనివానిని ఏల ఎక్కలేదని యడుగుట న్యాయము కాదు. ఎక్కినవాడు ఏల దిగెనని యడుగుట న్యాయమే. మేము అడుగుచున్నది ఇదియే.

ఈ ప్రశ్న ఆంధ్రులకు పొరుగింటి ప్రశ్న కాదు. ఏథెన్సున ఆ కాలమును సాధించిన నలువురిలో బీనామోల్, చిత్రా సోమన్, రాజ్విందర్ కౌర్‌లతోపాటు సత్తి గీత యొకతె. ఆమె పశ్చిమ గోదావరి సీమలోని మార్టేరు ఆడపడుచు. 2006లో దోహా నగరమున ఆసియా క్రీడల స్వర్ణము గెలిచిన రిలే జట్టులోను ఆమె యున్నది. పారిస్‌లో విత్యా రామరాజ్, పూవమ్మ, శుభా వెంకటేశన్‌లతో కలిసి పరుగెత్తిన దండి జ్యోతికశ్రీ తణుకు పట్టణమునకు చెందినది. ఈ రెండూళ్ళును ఒకే డెల్టాలోనివి. 2025లో కొరియాలోని గూమీ నగరమున ఆసియా పోటీలయందు ఈ రిలే స్వర్ణమును గెలిచిన జట్టులోని కుంజా రజిత, శబరి నది గోదావరిలో కలియు కూనవరపు మండలమున పుట్టిన గిరిజన బాలిక. కాళ్ళ సత్తువ ఈ సీమలో కొఱవడినదని ఎవ్వరును అనజాలరు. కొఱవడినది వేఱొకటి. అదేమో తెలియవలెనన్న రిలే యను పందెము స్వభావమును ముందుగ నెఱుగవలయును.

నలుగురు వడిగాండ్రను వరుసగ నిలువబెట్టినంతమాత్రమున రిలే జట్టు ఏర్పడదు. ఈ పందెమున పరుగెత్తునది నిజమునకు మనుష్యుడు కాదు, బేటన్ అనబడు బోలు గొట్టము. దాని పొడవు 28 మొదలు 30 సెంటీమీటర్లు. బరువు 50 గ్రాములకు తక్కువ కారాదు. గమ్యమును చేరవలసినది అది. మార్పిడి నియతస్థలములోనే జరిగినదా లేదా యని తీర్పరులు చూచునప్పుడు వారు చూచునది పరుగరి పాదమును కాదు, ఆ గొట్టమును. తలకు 100 మీటర్ల రిలేలో ఆ నియతస్థలము పొడవు 30 మీటర్లు, తలకు 400 మీటర్ల రిలేలో 20 మీటర్లు. చిన్న రిలేలో వచ్చువాడు సెకండునకు 10 మీటర్లకు మించిన వేగముతో వచ్చుచుండును. పోవువాడు వెనుకకు చూడక, నేలమీది గుర్తును అతడు దాటగనే బయలుదేఱి, వేగము పుంజుకొని, చేతిని మాత్రము వెనుకకు చాచవలెను. చూచువారికి ఇదంతయు ఒక్క క్షణముగ కనబడును. మన తార్కికులు చెప్పు శతపత్ర సూచీ న్యాయము ఇచట చక్కగ పొసగును. నూఱు తామరరేకులను దొంతిగ పేర్చి సూదితో గ్రుచ్చినప్పుడు అన్నియు ఒక్కమాఱే తెగినట్లు తోచును గాని, ఒకటి తెగిన పిదపనే మఱొకటి తెగును. ఆ రేకుల నడుమనున్న యెడములోనే రిలే గెలుపును ఓటమియు ఇమిడియున్నవి.

పురుషుల చిన్న రిలేకు ప్రపంచ రికార్డు 36.84 సెకండ్లు. 2012 ఆగస్టు 11వ తేదీన లండన్ నగరమున జమైకా వారు దీనిని నెలకొల్పిరి. నాలుగింట భాగించిన తలకు 9.21 సెకండ్లు పడును. ఉసేన్ బోల్ట్ ఒంటరి పరుగులో నెలకొల్పిన ప్రపంచ రికార్డే 9.58. మరి ఈ 9.21 ఎచటనుండి వచ్చినది? మొదటివాడు తప్ప తక్కిన మువ్వురును నిలుచున్న చోటినుండి కాక, పరుగుమీదనే తమ భాగమును ఆరంభింతురు. కాబట్టి నలువురి స్వంత కాలములను కూడి, వచ్చిన మొత్తమునుండి జట్టు కాలమును తీసివేసిన, మార్పిడివలన జట్టు ఎంత ఆర్జించెనో స్థూలముగ తెలియును. లండన్‌లో పరుగెత్తిన కార్టర్, ఫ్రేటర్, బ్లేక్, బోల్ట్‌ల నాటి ఉత్తమ కాలములు వరుసగ 9.78, 9.88, 9.75, 9.58. మొత్తము 38.99. జట్టు ఆర్జించినది 2.15 సెకండ్లు.

ఇప్పుడు జపానును చూడుడు. 2016లో రియో నగరమున వెండి పతకము గెలిచిన యమగాట, ఇయిజుక, కిరియు, కేంబ్రిడ్జి అను నలువురిలో ఆనాటికి పది సెకండ్లలోపల నూఱు మీటర్లు పరుగెత్తినవాడు ఒక్కడును లేడు. వారి ఉత్తమ కాలములు 10.05, 10.22, 10.01, 10.10, మొత్తము 40.38. జట్టు కాలము 37.60. ఆర్జించినది 2.78 సెకండ్లు! ఎవరి ఉత్తమ కాలమును వారు ఆ దినమున పరుగెత్తిరని చెప్పలేము గనుక ఈ లెక్క పైసలవఱకు సరిపోవునది కాదు. కాని అర సెకండునకు మించిన భేదమును కాకతాళీయమనుట యెట్లు? జపాను వారు బేటన్‌ను పైనుండి కాక క్రిందినుండి అందించు పద్ధతిని ఏండ్ల తరబడి సాధన చేసినవారు. ఆ పందెమున అమెరికా వారు 37.62 సెకండ్లలో వారి వెనుకనే వచ్చి, తొలి మార్పిడి నియమవిరుద్ధమని తేలుటచేత ఆ స్థానమును గూడ పోగొట్టుకొనిరి.

అమెరికా కథను ఇంకను కొంత చెప్పవలసియున్నది. ఆ దేశమునందలి వడిగాండ్రను లెక్కించుటకు వ్రేళ్ళు చాలవు. అయినను 2000లో సిడ్నీ తరువాత, 2024 పారిస్ వఱకు, ఒలింపిక్ క్రీడలలో వారి పురుషులు చిన్న రిలే స్వర్ణమును ముట్టలేదు. 2004లో బ్రిటనుచేత సెకండులో నూఱవ వంతుతో ఓడిరి. 2008లో బీజింగున వారి పురుషుల జట్టును స్త్రీల జట్టును గూడ బేటన్ జార్చినవి. 2012లో వచ్చిన వెండి పతకమును టైసన్ గే నిషిద్ధౌషధ దోషముచేత తరువాత మరల ఇచ్చివేయవలసివచ్చినది. 2016 సంగతి పైన చెప్పితిమి. 2021లో టోక్యోలో తుదిపోటీకే చేరలేదు. 2024లో పారిస్‌లో మఱల తొలి మార్పిడియే చెడినది. ప్రపంచ పోటీలలో వారు 2019, 2023, 2025 సంవత్సరములలో గెలిచినమాట నిజమే. అయినను ఒలింపిక్ బరిలోని ఈ వరుస ఓటములు దురదృష్టమను ఒక్కమాటతో తీఱునవి కావు.

పారిస్‌లో ఆ స్వర్ణమును 37.50 సెకండ్లలో గెలిచినది కెనడా. బ్రౌన్, జెరోమ్ బ్లేక్, రాడ్నీ, డిగ్రాస్ అను ఈ నలువురే టోక్యోలో పతకము గెలిచిరి. ఈ నలువురే 2022లో యూజీన్ నగరమున ప్రపంచ పోటీని గెలిచిరి. మన రైతులకు దీనిని వివరింప నక్కఱలేదు. బండలాగుడు పందెములకు ఎడ్లను పెంచు ఆసామి జతను ఏండ్ల తరబడి ఒకే కొట్టమున కట్టి, ఒకే కాడికి అలవాటు చేసి, ఒకదాని అడుగునకు మఱొకదాని అడుగు కలియువఱకు పొలమున త్రిప్పును. పందెము వారములో నున్నదనగ ఒంగోలునుండి ఒక యెద్దును, నరసరావుపేటనుండి వేఱొక యెద్దును కొనితెచ్చి కాడి కట్టువానిని చూచి ఊరంతయు నవ్వదా?

కలిసి సాధన చేసిన జట్టును అధికారులే విఱుగగొట్టిన ఉదాహరణమును రికార్డుల పుస్తకమున కలదు. 1936లో బెర్లిన్ నగరమున అమెరికా పురుషుల రిలే జట్టునకై మార్టి గ్లిక్‌మన్, శామ్ స్టోలర్ అను ఇరువురు యూదు యువకులు సాధన చేసియుండిరి. ప్రాథమిక పందెపు ఉదయమున వారిని తప్పించి ఆ స్థానములలో జెస్సీ ఓవెన్స్, మెట్‌కాఫ్‌లను నిలిపిరి. జట్టు 39.8 సెకండ్ల ప్రపంచ రికార్డుతో గెలిచెను. ఆ రికార్డు ఇరువది యేండ్లు నిలిచెను. రెండవదైన ఇటలీ జట్టు 41.1 సెకండ్లు తీసికొనెను గనుక, ఆ యిరువురు పరుగెత్తినను స్వర్ణము వచ్చియే యుండునని ఎవ్వరైన చెప్పగలరు. హిట్లరు కన్నులయెదుట యూదులు గెలువరాదను భీతియే ఈ పనికి కారణమని గ్లిక్‌మన్ తుదివఱకు నమ్మెను. మేమును అట్లే నమ్ముచున్నాము. అదే క్రీడలలో జర్మనీ స్త్రీల జట్టు ప్రాథమిక పందెమున 46.4 సెకండ్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి, తుదిపోటీలో అందఱికంటె ముందుండి, కడపటి మార్పిడిలో బేటన్‌ను నేల జార్చినది. నియంత ఆసనమునుండి చూచుచుండెను. జారిన గొట్టమునకు ఎవని ఆజ్ఞయు పట్టదు.

ఇక జమైకాను గూర్చి. ఈ దీవిని గూర్చి మనవారు వ్రాయునప్పుడు బోల్ట్ దేహమును, అచటి దుంపలను, గాలిని, నీటిని వర్ణించి విడిచిపెట్టుదురు. అసలు చరిత్ర బోల్ట్ పుట్టుటకు చాల ముందుగనే మొదలైనది. 1948లో లండన్ ఒలింపిక్ పెద్ద రిలే తుదిపోటీలో జమైకాకు చెందిన ఆర్థర్ వింట్ కండరము పట్టివేయగ నడిబాటలో నిలిచిపోయెను. నాలుగేండ్ల పిదప హెల్సింకిలో అదే వింట్, లెస్లీ లెయింగ్, హెర్బ్ మెకెన్లీ, జార్జి రోడెన్‌లు కలిసి 3 నిమిషముల 3.9 సెకండ్లలో అమెరికాను పదవ వంతు సెకండుతో ఓడించిరి. అంతకు పూర్వపు ప్రపంచ రికార్డు ఇరువది యేండ్లనాటి 3 నిమిషముల 8.2 సెకండ్లు. మూడవవాడైన మెకెన్లీ వెనుకబడి బేటన్‌ను అందుకొని, తన 400 మీటర్లను 44.6 సెకండ్లలో పరుగెత్తి, ముందుగ దానిని రోడెన్ చేతికి అందించెను. అప్పటికి జమైకా స్వతంత్ర దేశము కాదు, బ్రిటిష్ వలస. 1962 ఆగస్టు 6వ తేదీన అది స్వతంత్రమైనది. 2012లో ఆ దినమునకు ఏబది యేండ్లు నిండిన ఐదవనాడు, పూర్వపు పాలకుల రాజధానియందే 36.84 సెకండ్ల రికార్డు పుట్టినది.

హెల్సింకి వీరులకు, లండన్ వీరులకు నడుమ ఆ దీవియందు తెగని దారమొకటి కలదు. అది పాఠశాల. 1910లో ఆఱు పాఠశాలలతో అచట బాలుర పోటీలు మొదలైనవి. జనులు వానిని 'చాంప్స్' అని ముద్దుగ పిలుతురు. నేటికిని ఆ దినములలో కింగ్‌స్టన్ నగరపు స్టేడియము క్రిక్కిఱిసిపోవును. పట్టణమంతయు తమతమ పాఠశాలల రంగులు ధరించును. మెకెన్లీ తన పరుగు ముగిసిన పిదప కలబార్ పాఠశాలలో బాలురకు శిక్షకుడుగ పనిచేసెను. ఫిలడెల్ఫియా నగరమున 1895నుండి జరుగుచున్న పెన్ రిలే పోటీలకు జమైకా పాఠశాలలు 1964నుండి జట్లను పంపుచున్నవి. పదునాలుగేండ్ల బాలునకు బేటన్ అందుకొనుట అచట వింత కాదు. ఆ దేశమునకు లక్షలకొలది పరుగరులు లేరు. 2011 నాటి లెక్కలనుబట్టి దాని జనాభా సుమారు 27 లక్షలు. అదే సంవత్సరపు మన జనాభా లెక్కలలో నాటి పశ్చిమ గోదావరి జిల్లా యొక్కటియే 39 లక్షలకు మించినది. పాఠకులు ఈ రెండంకెలను మఱియొకమాఱు చదువ ప్రార్థన.

రిలే రికార్డులను గూర్చి వ్రాయుచు ఔషధ దోషమును దాటవేయుట సత్యమునకు ద్రోహము. బీజింగున 2008లో జమైకా గెలిచిన స్వర్ణము ఇప్పుడు ఆ దేశమునకు లేదు. దాచియుంచిన నమూనాను ఎనిమిదేండ్ల తరువాత మరల పరీక్షింపగ నెస్టా కార్టర్ దోషము బయటపడినది. 2017లో జట్టు నలువురి పతకములను రద్దుచేసిరి. బోల్ట్ తన తొమ్మిది స్వర్ణములలో ఒకదానిని మరల ఇచ్చివేసెను. బ్రిటను టోక్యోలో గెలిచిన వెండి, ఒక్కని దోషముచేత అట్లే పోయినది. ముగ్గురు నిర్దోషులను ఒక్కని పాపమునకు దండించుట ధర్మమా యని అడుగువారు కలరు. ధర్మమే యని మా యభిప్రాయము. సహకార పరపతి సంఘమున అపరిమిత బాధ్యత యను నియమమును మన రైతులు ఎఱుగుదురు. ఒకడు ఎగవేసిన అప్పునకు సభ్యులందఱును పూచీ పడుదురు. అందుచేతనే ఒకని నడతను అందఱును కనిపెట్టియుందురు. నలువురును కలిసి అనుభవించిన కీర్తికి నలువురును కలిసియే పూచీపడవలెను. మోసపోయిన నాలుగవ స్థానమువారును నలువురే గదా!

ఆ మోసపోయినవారి గతి యెట్టిదో సిడ్నీ చెప్పును. 2000లో అచట పెద్ద రిలే స్వర్ణమును అమెరికా గెలిచెను. నైజీరియాకు వెండి దక్కెను. 2008లో ఆంటొనియో పెటిగ్రూ తాను నిషిద్ధౌషధములు వాడితినని న్యాయస్థానమున ఒప్పుకొనెను. ఆ జట్టులోని మైకేల్ జాన్సన్ తన పతకమును తానే మరల ఇచ్చివేసెదనని ప్రకటించెను. పెటిగ్రూ పాల్గొన్న జట్టు 1998లో నెలకొల్పిన 2 నిమిషముల 54.20 సెకండ్ల ప్రపంచ రికార్డు చెఱిపివేయబడినది. 1993లో స్టుట్‌గార్ట్‌లో నెలకొన్న 2 నిమిషముల 54.29 సెకండ్లు మరల రికార్డైనది. నైజీరియాకు స్వర్ణము 2012లో దక్కినది. వారిలో మూడవ భాగము పరుగెత్తిన సండే బాడా అందునకు కొలది నెలల ముందుగ, 2011 డిసెంబరులో, మృతినొందియుండెను.

స్త్రీల పెద్ద రిలే ప్రపంచ రికార్డు 1988లో సియోల్ నగరమున సోవియట్ జట్టు నెలకొల్పిన 3 నిమిషముల 15.17 సెకండ్లు. 2024లో పారిస్‌లో అమెరికా స్త్రీలు సెకండులో పదవ వంతు దూరమువఱకు వచ్చిరి, దాటలేకపోయిరి. ఆ నలువురు సోవియట్ వనితలపై ఏ దోషమును రుజువు కాలేదు గనుక వారిని నిందింపము. కాని ఆ కాలపు తూర్పు జర్మనీయందు ప్రభుత్వమే క్రీడాకారిణులకు ఔషధములు మ్రింగించిన సంగతి పత్రములతో రుజువైనది. యేనా నగరపు సంఘము తరఫున 1984లో చిన్న రిలే రికార్డు నెలకొల్పిన నలువురిలో ఇనెస్ గైపెల్ యొకతె. ఆ పుస్తకమునుండి తన పేరును తీసివేయుడని ఆమెయే కోరినది. జర్మనీ వారు పేరు తీసి నక్షత్రపు గుర్తు నుంచిరి. రికార్డులో పేరు నిలుపుకొనుటకు పోరాడినవారిని చూచితిమి గాని, పేరు తీయించుకొనుటకు పోరాడినదానిని చూచుట మాకిదే ప్రథమము.

మన యింటి సంగతి? 2002నుండి 2018వఱకు వరుసగ ఐదు ఆసియా క్రీడలలో స్త్రీల పెద్ద రిలే స్వర్ణము మనదే. గర్వింపదగినదే. కాని 2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడలలో 3 నిమిషముల 27.77 సెకండ్లతో గెలిచి, గ్వాంగ్జౌలో ఆసియా స్వర్ణమును గూడ తెచ్చిన నలువురిలో మువ్వురు, మఱుసటి యేడు నిషిద్ధౌషధ పరీక్షలో దొఱకిపోయిరి. దోషము తేలిన నమూనాలు 2011వి గనుక 2010 పతకములు నిలిచినవి. చట్టప్రకారము నిలిచినవని మాత్రమే మేము అనగలము. మన దేశపు రికార్డుల పట్టికను చూచునప్పుడు ఏ యంకె ఏ యేటిదో చూచి చదువుకొనవలసిన గతి పట్టినందుకు విచారించుచున్నాము. ఆ దోషమునకు శిక్షకులను, విదేశమునుండి తెచ్చిన మందుడబ్బాలను నిందించినవారు కలరు. ఆఱుగురు ఏడుగురు తప్ప పరుగరులే లేనిచోట, ఆ కొలదిమందిపై దేశము మోపిన పతకముల భారమును నిందించినవారిని చూడలేదు.

మా ప్రశ్నకు సమాధానము ఇచటనే యున్నదని తలచుచున్నాము. మనకు శిబిరము కలదు. నలువురిని ఏరి, మేలైన ఆహారము పెట్టి, విదేశములకు పంపి తీర్చిదిద్దు ఏర్పాటు కలదు. అది ఫలించుటయు కలదు. 2023లో బుడాపెస్టు నగరమున అనాస్, అమోజ్ జేకబ్, అజ్మల్, రాజేశ్ రమేశ్‌లు ప్రపంచ పోటీల ప్రాథమిక పందెమున అమెరికా జట్టు వెన్నంటి పరుగెత్తి, 2 నిమిషముల 59.05 సెకండ్లతో ఆసియా రికార్డును నెలకొల్పిరి, తుదిపోటీలో ఐదవవారైరి. దేశమంతయు ఆ రాత్రి మేలుకొని చూచినది. కాని మఱుసటి యేడు పారిస్‌లో మనవారు 3 నిమిషముల 0.58 సెకండ్లతో తుదిపోటీకి చేరలేకపోయిరి. జపాను వారు 2 నిమిషముల 58.33 సెకండ్లతో ఆ ఆసియా రికార్డును తమదిగ చేసికొనిరి. నలువురిలో ఒకనికి కాలు పట్టిన, ఒకనికి వయసు మీఱిన, ఆ చోట నిలుపుటకు అయిదవవాడు, పదవవాడు, ఏబదవవాడు ఉండవలెను. శిబిరము క్రింద పాఠశాల లేనిచో వారు ఎచటనుండి వత్తురు? మెట్లెక్కి దిగుట యనగా ఇదియే. ఒక తరపు నలువురితో ఎక్కుదుము, వారితోడనే దిగుదుము.

చిన్న రిలే సంగతి ఇంకను స్పష్టము. 2010లో ఢిల్లీలో కంచు పతకము గెలిచిన మన పురుషుల జట్టు కాలము 38.89 సెకండ్లు. అందు హైదరాబాదు వాసి అబ్దుల్ నజీబ్ ఖురేషీ యుండెను. ఆ జాతీయ రికార్డు పదునైదేండ్లు కదలలేదు. 2025లో చండీగఢ్ నగరమున రిలేలకై నడపిన పోటీలో గురిందర్‌వీర్, అనిమేష్ కుజూర్, మణికంఠ, అమ్లాన్‌లు దానిని 38.69కి తెచ్చిరి. రిలేకు దానిదైన పోటీ దినమొకటి దొరకినంతనే పదునైదేండ్ల రికార్డు కదలినది.

పాఠశాల పోటీలు మన జిల్లాలలో లేవని కాదు. కలవు. వానిని చూచినవారికి రిలే గతి తెలియును. ఒంటరి పరుగులన్నియు ముగిసి, బహుమతుల బల్ల సిద్ధమై, మంత్రివర్యుల కారు వచ్చినదను కేక వినబడునప్పుడు, అంతకుముందెన్నడు ఒకరి చేతినుండి ఒకరు బేటన్ అందుకొని యెఱుగని నలువురు బాలకులను నాలుగు మూలల నిలిపి ఈల ఊదుదురు. కొన్నిచోట్ల బేటన్‌కు బదులు చెఱకుముక్కనో, చుట్టిన కాగితమునో చేతికి ఇత్తురు. ఈ పద్ధతి మాఱుటకు కోట్ల రూపాయలు అక్కఱలేదు. రబ్బరు పరుగుబాట లేకున్నను గడ్డినేలపై సున్నముతో గీచిన వలయము చాలును. మెకెన్లీ నాటి బాటలును నేటి రబ్బరు బాటలు కావు. ఒక మండలమునందలి ఉన్నత పాఠశాలలు ఎనిమిది కలిసి సంవత్సరమున రెండు దినములు రిలేలకొఱకే నడపిన చాలును. అందు బాలికలకు సగము పందెములు విధిగ నుండవలెను; జట్టును వారము ముందు కాక సంవత్సరారంభముననే ఏర్పఱచి, వ్యాయామోపాధ్యాయుని పూచీపై ఉంచవలెను. మందుల సంగతి ఆ వయసుననే ఉపాధ్యాయులు చెప్పవలెను; శిబిరమున చెప్పుటకు ఆలస్యమైపోవును.

ధనము మాటకు వత్తము. భీమవరము చుట్టుప్రక్కల సంక్రాంతి మూడునాళ్ళు కోళ్ళ కాళ్ళకు కత్తులు కట్టి బరులలో విడిచిన యప్పుడు చేతులు మాఱు ధనమును గూర్చి ప్రతి సంవత్సరము పత్రికలు వ్రాయుచునే యున్నవి. ఆ బరులకు మార్టేరు, తణుకు ఎంత దూరము? పుంజును పెంచుటకు బాదము పప్పు మేపు ఆసాములలో పదిమంది, తమ యూరి పాఠశాల జట్టునకు సంవత్సరము పొడుగున గ్రుడ్లు, పాలు, నాలుగు జతల జోళ్ళు పంపుదురేని, వారి పేర్లను ఈ పుటయందు ప్రకటించుటకు మేము సిద్ధముగ నున్నాము. జిల్లా క్రీడాధికారులకు మా విన్నపము ఒక్కటియే: ఈ యేటి పాఠశాల పోటీల కార్యక్రమమును అచ్చువేయించునప్పుడు రిలేను కడపటి పంక్తినుండి తీసి, మొదటి దినపు ఉదయమున మొదటి పందెముగ వేయింపుడు, జట్లకు బేటన్లను నెల ముందుగ పంపుడు.